ఆకుపచ్చ మీంచి నీలం మీదికి

అక్టోబర్ 2

గెలిచాం.

నేను రాసే డ్రైవర్ల యూనియన్ పత్రికలో ఇలా ఒక్క ముక్కలో రాస్తే పెద్దలు ఒప్పుకోరు. "చర్చలు సానుకూల దశకు చేరుకున్నాయి" అని దిద్దుతారు. ఇక్కడ దిద్దేవాడు లేడు. గెలిచాం, గెలిచాం, గెలిచాం.

వచ్చే సోమవారం నుంచి కాగితం మిల్లు వాళ్ళు సైతామాలో వేరే కంపెనీ గోడౌనుకి పంపే టిష్యూ సరుకంతా ప్యాలెట్ల మీదే పంపుతారు. మూడు నెలల ప్రయోగం. ప్యాలెట్ అంటే ఏముంది, నాలుగు చెక్కలు కొట్టిన పీట. దాని మీద పెట్టెలు పేర్చి, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు కింద దూర్చి, ఎత్తి లారీలో పెడితే అయిపోయింది. లోకమంతా ఎప్పుడో నేర్చుకున్న పని. అది మా ఊరి మిల్లు నేర్చుకోవడానికి ఒక మనిషి వెన్నుపూస అరిగిపోవాల్సి వచ్చింది. ఆ మనిషి మా ఆయన షూజో. జీవితమంతా ఒక్కో పెట్టె చేత్తో లారీలోకి ఎక్కించాడు, అక్కడికి పోయి ఒక్కో పెట్టె చేత్తో దించాడు. డాక్టరు మొన్న వేసవిలో తేల్చి చెప్పాడు: బరువులు మానేస్తే రిటైర్ అయ్యేదాకా లారీ నడుపుకోవచ్చు, మానకపోతే ఆపరేషన్, ఆ తర్వాత స్టీరింగు సంగతి మర్చిపోవాలి.

చర్చల్లో మిల్లు రవాణా మేనేజరు హాగివారా చివరిదాకా పట్టు విడవలేదు. "ప్యాలెట్ ఎత్తు మేరకు లారీలో సరుకు తగ్గిపోతుంది సెన్సే. గాలిని మోయించడానికి మేం కిరాయి కట్టాలా?" నన్ను సెన్సే అన్నప్పుడల్లా వాడి పెదవి ఒక పక్కకి పోతుంది. అయ్యవార్లకి ఇచ్చే గౌరవాన్ని తిట్టులా వాడటం వాడికే చెల్లింది.

"టిష్యూ డబ్బాలో ఉన్నదేంటి హాగివారా గారూ? మీ కంపెనీ పుట్టినప్పట్నుంచీ అమ్ముతున్నది గాలేగా!"

అందరూ నవ్వారు. వాడు తప్ప.

నా నినాదమే నెగ్గింది. "ప్రతి పెట్టె కిందా ఒక ప్యాలెట్!" ఒప్పందంలో కూడా అదే వాక్యం పెట్టారు, ఆశ్చర్యార్థకం తీసేసి.

షూజోకి చెప్తే చేప ముల్లు తీసుకుంటూ, "ఊ. మంచిదే" అన్నాడు.

మంచిదేనట!

అక్టోబర్ 7

పొద్దున్నే మిల్లు యార్డుకి వెళ్ళి చూశాను. అంచులకి ఆకుపచ్చ రంగు వేసిన కొత్త ప్యాలెట్లు, వాటి మీద పెట్టెలు, పెట్టెల చుట్టూ మెరిసే ప్లాస్టిక్ చుట్టు. షూజో డబ్బా టీ తాగడం పూర్తయ్యేలోపు లారీ నిండిపోయింది. తలుపులు వేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు తడుముకుంటూ నిలబడ్డాడు.

"నేను చెయ్యాల్సిందేమీ లేదా?" అని ఫోర్క్‌లిఫ్ట్ అబ్బాయిని అడిగాడు.

నేను ఏడవలేదు. కొండ మీంచి గాలి బాగా వీచింది.

అక్టోబర్ 9

నవంబర్ సంచికకి వ్యాసం అయిపోయింది. శీర్షిక "చేతులకు సెలవు". ఒక్క దెబ్బకి రాశాను. నా వాక్యాలు నేనే రెండోసారి చదువుకుని ఆనందించడం మంచి అలవాటు కాదు. రెండోసారి చదువుకున్నాను.

అక్టోబర్ 15

షూజో ఇంటికొచ్చే వేళ మాత్రం మారలేదు. దించే పని లేకపోతే త్వరగా రావాలి కదా. హైవే మీద మరమ్మతులు చేస్తున్నారట. ఆయన అనలేదు, నేనే అనుకుంటున్నాను.

అక్టోబర్ 20

నొక్కుకున్న పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు.

ఈ పెట్టెల సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. లోపలి టిష్యూకి ఏమీ కాదు. పైన అట్టపెట్టె మూల కాస్త నొక్కుకుంటే చాలు, గోడౌను వాళ్ళు తీసుకోరు, మిల్లు వెనక్కి తీసుకోదు, డ్రైవరే కొనుక్కుని పోవాలి. ముక్కు తుడుచుకుని పారేసే కాగితానికి పెళ్ళికూతురికి కూడా లేనంత లాంఛనం! మా ఇంట్లో మెట్ల కింద ఈ పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. ముక్కు తుడుచుకోవడానికి మాకు ఈ జన్మకి లోటు లేదు.

ఇది ప్యాలెట్ మీద ఎలా నొక్కుకుందో. ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము తగిలి ఉంటుంది.

అక్టోబర్ 21

మళ్ళీ ఒకటి. సైతామాలో ఆ ఫోర్క్‌లిఫ్ట్ నడిపేది ఎవరో గానీ పనిమంతులు కారు.

అక్టోబర్ 26

ఉతకబోతుంటే చూశాను, షూజో గ్లవ్స్ వేళ్ళ దగ్గర రబ్బరు అరిగి దారాలు బయటికొచ్చాయి. కొత్త జత, ఈ నెలలోనే కొన్నది. స్టీరింగుకి కూడా గ్లవ్స్ అరుగుతాయి కాబోలు.

నొప్పి పట్టీల వాసన ఇంట్లో అలాగే ఉంది. పాత నొప్పి వెంటనే పోదు, నెలలు పడుతుంది. డాక్టరు కూడా అలాగే అన్నాడు. అనుకుంటాను.

నవంబర్ 4

ఇవాళ సెలవు రోజే అయినా లోడు వేశారు. షూజో బూటు అడుగున చిరిగిన ప్లాస్టిక్ చుట్టు ముక్క అంటుకుని వచ్చింది.

"ఇదేంటి?"

"అక్కడ సరుకు దించే డాక్ మీద పడుందేమో, అంటుకుంది."

వంగకుండా బూట్లు విప్పుకోవడానికి పొడుగాటి బూటు చెంచా కొన్నాడు. మంచి ఆలోచన. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది.

నవంబర్ 6

హాగివారా ఫోన్ చేశాడు. కొత్త సంచికలోని నా వ్యాసాన్ని వాళ్ళ కంపెనీ పెద్దల సమావేశంలో చదివి వినిపించారట. "చప్పట్లు కొట్టారు సెన్సే. మీరూ మేమూ ఒకే లారీలో ఉన్నాం."

ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నాను. తిట్టారు, కోర్టుకి లాగుతామన్నారు, ఒకడు రొయ్యపొట్టు పోసిన కవరు పోస్టులో పంపాడు. ఒక మేనేజరు మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఆ రొయ్యపొట్టు కంటే ఇదే ఎక్కువ కంపు కొడుతోంది, ఎందుకో తెలియడం లేదు. విజయానికి అలవాటు పడని మనస్తత్వం అనుకుంటాను. ప్రగతివాదుల్లో ఇదొక జబ్బు, ఓడిపోతే తప్ప నిద్ర పట్టదు.

డిసెంబర్ సంచికకి సైతామా దాకా లారీలో వెళ్ళి, కళ్ళారా చూసి రాస్తాను. షూజోకి చెప్పాను.

"అక్కడ చూడ్డానికేముంది? గోడౌను" అన్నాడు.

"ఈ వారం వానలంట" అన్నాడు.

"పక్క సీటు స్ప్రింగు పోయింది" అన్నాడు.

నవంబర్ 12

పక్క సీటు స్ప్రింగుకి ఏమీ కాలేదు. ఈ ముక్క ముందు రాసి పెట్టుకోవాలి. ఇంత కోపంలో ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు.

తెల్లారకముందే బయల్దేరాం. దారిలో షూజో ఒక్క మాట మాట్లాడలేదు, నేను మాత్రం ఆపకుండా మాట్లాడాను. గోడౌను దగ్గర లారీల వరస. మా వంతు వచ్చింది. నారింజ రంగు హెల్మెట్ పెట్టుకున్న నగయా అనే ఆవిడ ఫోర్క్‌లిఫ్ట్ మీద వచ్చింది. నా వయసే ఉంటుంది. ఎంత చక్కగా నడుపుతుందంటే, పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు ఒక్కో ప్యాలెట్‌నీ లారీలోంచి తీసి నేల మీద పెట్టింది. ఒక్క పెట్టె కదల్లేదు. ఈవిడ పనిమంతురాలు కాదని పోయిన నెల రాశాను.

తర్వాత ఆవిడ ప్రతి ఆకుపచ్చ ప్యాలెట్ పక్కనా ఒక ఖాళీ ప్యాలెట్ తెచ్చి పెట్టింది. వాటి అంచులు నీలం. పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు మా ఆయన నడుముకి పట్టీ బిగించుకున్నాడు. గ్లవ్స్ వేసుకున్నాడు. కత్తితో ప్లాస్టిక్ చుట్టు కోశాడు. నా వైపు చూడకుండా మొదటి పెట్టె ఎత్తాడు. ఆకుపచ్చ మీంచి నీలం మీదికి. ఇంకో పెట్టె. ఆకుపచ్చ మీంచి నీలం మీదికి.

నాకు అర్థం కాలేదు. సైజు తేడా ఏమో అనుకున్నాను. ఖాళీ అయిన ఆకుపచ్చదాని మీద ఒక నీలందాన్ని ఈడ్చి పెట్టి చూశాను. అంచుకి అంచు, మూలకి మూల, వెంట్రుక తేడా లేదు. ఒకే కొలత, ఒకే చెక్క. రంగు వేరు. రంగొక్కటే వేరు!

ఫోర్క్‌లిఫ్ట్‌కి అడ్డం వెళ్ళి నిలబడ్డాను. "ఎందుకమ్మా ఇది?"

"మా ర్యాకుల్లోకి నీలమే ఎక్కాలక్కా. మిల్లు వాళ్ళేమో ఆకుపచ్చవి మాకే తిరిగి రావాలంటారు. ఒకప్పుడు ఎవరి ప్యాలెట్లో ఎవరో పట్టుకుపోయారని పెద్ద గొడవైందట."

"నిండు ఆకుపచ్చది తీసుకుని ఖాళీ నీలందొకటి ఇచ్చేస్తే సరిపోదా? ఒకటికి ఒకటి?"

ఆవిడ హెల్మెట్ పైకి జరిపి ఆలోచించింది. "ఏమో. ఎవరూ అడగలేదు."

"మరి ఈ మార్చే పని ఎవరిది?"

"డ్రైవర్లది."

"ఎక్కడుంది ఆ మాట?"

"ఎక్కడా ఉండక్కర్లేదు కదక్కా. సర్వీస్."

సర్వీస్! ఈ దేశంలో ఈ మాటకి ఊరికే ఇవ్వడం అని అర్థం. కాఫీ కొట్టులో కప్పు పక్కన ఒక బిస్కెట్టు పెట్టి సర్వీస్ అంటాడు. కూరలమ్మి ఒక ముల్లంగి ఎక్కువ వేసి సర్వీస్ అంటుంది. ఇచ్చేవాడిది కాబట్టి ఇస్తున్నాడు, అందులో అందం ఉంది. కానీ మనిషి నడుముని బిస్కెట్టులా పక్కన పెట్టి ఇదీ సర్వీసేనంటే, ఎవరు ఇస్తున్నారు, ఎవరి సొమ్ము ఇస్తున్నారు? ఎవరూ అడగని దయ, ఎవరూ వద్దనలేని దయ! దానికి నా దగ్గర వేరే పేరుంది గానీ పత్రికలో వేయనివ్వరు.

నేనూ గ్లవ్స్ అడిగి తీసుకుని సాయం పట్టాను. మూడో పెట్టెకే మూల నొక్కేశాను.

"అయ్యో, ఇత్సుయో!" అన్నాడు షూజో. పొద్దున్నుంచీ ఆయన అన్న మొదటి మాట అదే. "ఇంక నువ్వు ముట్టుకోకు. ఇది తీసుకోరు."

ఆ పెట్టె నా ఒళ్ళోనే ఇంటికొచ్చింది.

తిరుగు దారిలో హైవే క్యాంటీన్ దగ్గర ఆపాడు. నల్ల చారులో ఉడికిన ముల్లంగి, గుడ్లు. నేను ముట్టలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు రాసేశావు కదా."

"రాస్తే?"

"అందరూ మెచ్చుకున్నారు. నువ్వు పాట పాడుకుంటూ కూర తరిగావు. నువ్వు పాడగా విని ఎన్నేళ్ళయిందో." ముల్లంగిని రెండు ముక్కలు చేశాడు. "పైగా ఎక్కించే పని పోయింది. ఇదివరకటి మీద సగమే."

"అయితే సగం నడుమే విరుగుతుందా?"

"గుడ్డు తిను, చల్లారిపోతోంది."

నవంబర్ 13

పాడానా? గుర్తు లేదు.

నవంబర్ 15

హాగివారా గదికి వెళ్ళొచ్చాను. కోటు ఇంకా విప్పలేదు.

"మీ నినాదమే కదా సెన్సే," అన్నాడు, టీ కప్పు నా వైపు జరుపుతూ. "ప్రతి పెట్టె కిందా ఒక ప్యాలెట్. మా లారీలో ఉన్నంతసేపూ ఉంది. వాళ్ళ గోడౌన్లోనూ ఉంది. ఎక్కడ లేదు?"

"మధ్యలో."

"మధ్యలో ఏముంది?"

"మా ఆయన."

వాడు తన కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. "దించాక జరిగేదానితో మాకు సంబంధం లేదండీ. మీ ఆయన మోచిజుకి గారిది పెద్ద మనసు. మేమేమైనా బలవంతం చేశామా?"

"ప్యాలెట్లు ఒకటికి ఒకటి మార్చుకుంటే ఏం పోతుంది మీకు?"

"మావి కొత్తవి. వాళ్ళవి పాతవి. మా ఆస్తి ఇంకొకరి ర్యాకులో ఉంటే అది మా ఆస్తి అని ఎలా చెప్పుకుంటాం?"

చెక్కపీట! ఆస్తి! మనిషి వెన్నెముక ఎవరి ఆస్తో అడగబోయాను. ఈలోగా అసలు మాట బయటపెట్టాడు.

"ప్రయోగం జనవరి మొదటివారంతో అయిపోతుంది సెన్సే. ప్యాలెట్ల వల్ల ఇబ్బందులున్నాయని మీరే రాస్తే, పాత పద్ధతికి వెళ్ళిపోవడం మాకేం కష్టం కాదు. ఆలోచించి రాయండి."

అదీ సంగతి. రాస్తే రెండు చోట్లా చేతి పని. రాయకపోతే ఒక చోట. ఏది ఎంచుకున్నా షూజో నడుమే.

నవంబర్ 16

రెండుసార్లు రాసి రెండుసార్లు చింపేశాను. చింపినదానితో ముక్కు తుడుచుకోబోయి ఆగాను. మన దగ్గర టిష్యూకి లోటు లేదు కదా.

ఇక్కడైనా తేల్చుకోవాలి. ప్యాలెట్ కావాలి, ప్యాలెట్ కావాలి అని ఇన్నేళ్ళు అరిచాం. ప్యాలెట్ వచ్చింది. ఏం మారింది? సరుకుకి పరుపు దొరికింది. సరుకు ఇప్పుడు మెత్తగా, చుట్టు కప్పుకుని, కుదుపు లేకుండా పడుకుని ప్రయాణం చేస్తోంది. దాని పరుపు మార్చే పని మాత్రం మనిషి మీద పడింది. నా చెక్క వెళ్ళిపోయినా దాని బదులు ఇంకో చెక్క వస్తుందిలే అని రెండు కంపెనీలు ఒకదాన్నొకటి నమ్మితే తప్ప ఈ పీట వల్ల ఒరిగేదేమీ లేదు. ఎవడి పీట వాడు పట్టుకుని కూర్చుంటే, వాళ్ళ మధ్య ఉన్న అపనమ్మకాన్ని రోజూ ఎవరో ఒకరు చేతుల్తో మోయాలి. మా ఆయన మోస్తున్నది టిష్యూ కాదు, టిష్యూ తేలికే. రెండు కంపెనీల అనుమానాన్ని మోస్తున్నాడు. ఊరికే. సర్వీస్.

ఇది పత్రికలో రావాలి. రాకూడదు.

నవంబర్ 20

క్లచ్ తొక్కుతుంటే ఎడమ కాలు మొద్దుబారుతోందని చెప్పాడు. ఆయన నోటితో చెప్పాడంటే చాలా రోజులుగా ఉందన్నమాట.

నవంబర్ 21

రాస్తాను. రాయను. రాస్తాను.

"నువ్వు రాయొద్దు" అన్నాడు షూజో. నారింజపండు ఒలుస్తున్నాడు, తొక్క ఊడకుండా ఒకే ముక్కగా.

"మరి ఎవరు చేస్తారు?"

"నేను."

"నువ్వేం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."

ఆ తర్వాత ఏమన్నానో ఇక్కడ కూడా రాయలేను. పక్కింటావిడ కిటికీ మూసుకుంది.

నవంబర్ 23

ఏమీ చెయ్యడట! ఇరవయ్యేళ్ళు నేను రాసింది ఈ ఇంట్లో ఎవరూ చదవలేదన్నమాట. దోచుకునేవాళ్ళ మీద కంటే దోపిడీకి వంగి వంగి దణ్ణం పెట్టేవాళ్ళ మీదే నాకు ఎక్కువ కోపం. ఈ దేశంలో విప్లవం రాకపోవడానికి కారణం పోలీసులు కాదు, మర్యాద. తన నడుము విరుగుతున్నా పక్కవాడికి ఇబ్బందేమోనని చూసే మర్యాద.

కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు. ఇదిగో, సరిగ్గా ఇదే నేను చెప్పేది!

నవంబర్ 26

"రేపు వస్తావా?" అని అడిగాడు.

"స్ప్రింగు బాగుచేయించావా?" అన్నాను.

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వెళ్తాను.

నవంబర్ 27

అంతా ఉన్నదున్నట్టు రాయాలి. ఒక్క విశేషణం కూడా వేయకుండా రాయాలి. చూద్దాం.

మా వంతు వచ్చింది. నగయా ఆకుపచ్చ ప్యాలెట్లన్నీ దించింది. పక్కన నీలం ఖాళీవి పెట్టింది. షూజో ఆవిడకి దణ్ణం పెట్టి, లారీ మెట్టెక్కి, క్యాబిన్లో కూర్చుని, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు.

నగయా ఫోర్క్‌లిఫ్ట్ దిగి వచ్చింది. "నడుం పట్టేసిందా మోచిజుకి గారూ?"

"లేదమ్మా. సరుకు దింపేశాం కదా. నా పని అయిపోయింది."

"మరి మార్చడం?"

"అది నా పని కాదు."

"అదేంటండీ, సర్వీస్ కదా..."

"క్షమించాలి. ఇవాళ సర్వీస్ లేదు."

మూసేసిన కొట్టు తలుపు మీద అట్టముక్క వేలాడదీసినట్టు చెప్పాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. అప్పుడు అర్థమైంది నాకు. ఏమీ చెయ్యను అంటే ఇది. ఇదిగో, ఇది.

మా వెనక లారీ డ్రైవరు దిగి వచ్చాడు. కురోసు అనే ఎర్రచొక్కా మనిషి, నీగాతా యాస. గ్లవ్స్ వేసుకునే వస్తున్నాడు. వాడి ముఖం చూసి నాకు భయం వేసింది, ఎందుకంటే వాడు తిట్టడానికి రావడం లేదు, సాయం చేయడానికి వస్తున్నాడు.

"అన్నా, కూర్చో కూర్చో, లేవకు. నడుం మాట నాకు తెలీదా? నేను మార్చేస్తాలే, రెండు నిమిషాలు. సర్వీస్!"

"వద్దు తమ్ముడూ."

"నాకేం బరువు కాదన్నా, టిష్యూనే కదా."

"నువ్వు ముట్టుకుంటే రేపట్నుంచి నా పని కూడా నీదవుతుంది."

కురోసు ఒక పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. నేలమీది ఆకుపచ్చ అంచులు చూశాడు, నీలం అంచులు చూశాడు. వెనక్కి తిరిగి తన లారీ వైపు చూశాడు.

"నావి పసుప్పచ్చ" అన్నాడు. "సబ్బుపొడి. చంపుతుంది బరువు."

గ్లవ్స్ విప్పి వెనక జేబులో పెట్టుకుని, వెళ్ళి తన లారీ మెట్టు మీద కూర్చుని సిగరెట్ ముట్టించాడు. వాడి వెనక లారీవాడు తల బయటపెట్టి, "ఏంటి సంగతి?" అని అరిచాడు.

"ఇవాళ సర్వీస్ లేదంట!" అని అరిచాడు కురోసు.

గోడౌను పెద్ద బయటికి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. "డాక్ ఖాళీ చెయ్యండి. వెనక వరస ఆగిపోయింది."

షూజో కిందికి దిగాడు. "మీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి" అని తల వంచాడు. నడుము వంచలేదు, అది వంగదు. "మీ సరుకే అడ్డంగా ఉందండీ. తీయించుకుంటే నేను వెళ్ళిపోతాను."

"ఆకుపచ్చవి మా ర్యాకుల్లోకి వెళ్ళవు."

"పట్టవా?" అన్నాను నేను, కిటికీలోంచి. షూజో చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆగాను. నా జీవితంలో ఎవరో ఆపితే ఆగడం ఇదే మొదటిసారి.

ఆ పెద్దమనిషి ఎవరికో ఫోన్ చేశాడు. వాళ్ళు ఇంకెవరికో చేసి ఉంటారు. వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ఒక్కడూ హారన్ కొట్టలేదు. షూజో ఫ్లాస్కులో టీ అయిపోయింది.

చివరికి ఆ పెద్దమనిషి ఎవరి ముఖమూ చూడకుండా నగయాతో అన్నాడు: "ఈ ఒక్క రోజుకే. అలాగే ఎక్కించు. బదులు ఖాళీవి ఇచ్చి పంపించు. ఈ ఒక్క రోజుకే."

నగయా మొదటి ఆకుపచ్చ ప్యాలెట్ ఎత్తింది. నీలం అంచుల మధ్య ర్యాకులో పెట్టింది. పట్టింది. పట్టక ఏమవుతుంది!

విశేషణాలు వేశానేమో. చూసుకోను.

డిసెంబర్ 1

ఖాళీ నీలం ప్యాలెట్లు చూసి మిల్లు యార్డులో గగ్గోలు. ఇంట్లోకి వేరేవాళ్ళ చెప్పులు వచ్చినట్టు చుట్టూ మూగి చూశారట. షూజోని వేరే మార్గానికి మార్చేస్తారేమో. లేదా పాత పద్ధతి. రెంటిలో ఏది వచ్చినా చేయగలిగింది లేదు. ఈ వాక్యం నేను రాశానని ఎవరికీ తెలియకూడదు.

డిసెంబర్ 2

"ఈ ఒక్క రోజుకే" అని ఇవాళ కూడా అన్నారట.

డిసెంబర్ 9

మధ్యాహ్నం మిల్లు వ్యాను వచ్చి గుమ్మంలో రంగు డబ్బాలు దించి వెళ్ళింది. కొన్ని నీలం, కొన్ని ఆకుపచ్చ. బ్రష్షులు కూడా. పొరపాటున వచ్చాయనుకున్నాను.

భోజనాల దగ్గర హాగివారా ఫోన్. షూజో స్పీకర్ నొక్కి గిన్నె పక్కన పెట్టాడు.

"మోచిజుకి గారూ, శుభవార్త! రెండు కంపెనీలూ కూర్చుని పరిష్కారం కనుక్కున్నాం. వెళ్ళే ప్యాలెట్ల అంచులకి నీలం రంగు వేద్దాం. అప్పుడు వాళ్ళకి అభ్యంతరం లేదు. అక్కణ్ణుంచి వచ్చేవాటికి ఆకుపచ్చ వేద్దాం. అప్పుడు మాకూ అభ్యంతరం లేదు. ఎవరి ఆస్తి వాళ్ళకి ఉన్నట్టే ఉంటుంది!"

నేను నోట్లో ముద్ద పెట్టుకుని ఉన్నాను. అదృష్టం. లేకపోతే ఆ మాటలు స్పీకర్లోకి పోయేవి. రంగు! ఒకరినొకరు నమ్మడం కంటే వీళ్ళకి రంగు వేయించడం తేలిక. భూమ్మీద ఉన్న చెక్కలన్నిటికీ రంగు వేస్తారు గానీ, ఒక్క మనిషి మాట నమ్మరు.

"రంగు ఎవరు వేస్తారండీ?" అన్నాడు షూజో.

"మీరు డాక్ దగ్గర ఎలాగూ కూర్చునే ఉంటున్నారు కదా. ఎత్తే పని కాదు, దించే పని కాదు. కూర్చుని చేసేదే. మీ నడుముకీ సుఖం. ఏదో కాస్త..."

ఆ సర్వీస్ అనే మాట అనబోయాడు. ఫోన్లోంచి వాసన వచ్చింది నాకు.

"వేస్తాం" అన్నాడు షూజో. నేను చాపస్టిక్స్ కింద పెట్టేశాను. "కూలి ఎంత?"

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన ఎవర్నీ ఆ మాట అడగ్గా వినలేదు. నెమ్మదిగా, చారు కావాలా అన్నట్టు అడిగాడు.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"కనుక్కుని... కనుక్కుని చెప్తాను" అన్నాడు హాగివారా. ఈసారి మోచిజుకి గారూ అనలేదు.

షూజో ఫోన్ ఆపి చారు గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. "చల్లారింది" అన్నాడు.

లేచి వేడి చేశాను. పొయ్యి దగ్గర నిలబడి ఏదో పాడానట. ఆయనే చెప్పాడు.

డిసెంబర్ 17

హాగివారా ఇంకా కనుక్కుంటున్నాడు.

డిసెంబర్ 25

ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు. రంగు డబ్బాలు మెట్ల కింద, టిష్యూ పెట్టెల పక్కన పెట్టాం. నగయా ఆకుపచ్చవి ర్యాకుల్లోకి ఎక్కిస్తోంది, నీలం ఖాళీవి ఇచ్చి పంపిస్తోంది. ఎక్కించే ముందు రోజూ "ఈ ఒక్క రోజుకే" అని అరుస్తుందట, వెనక వరసలో డ్రైవర్లంతా దాన్నే పాటలా అందుకుంటారట. కురోసు పసుప్పచ్చవి కూడా ఎక్కుతున్నాయి.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ చూసి ఆపరేషన్ మాట వసంతం దాకా పక్కన పెట్టాడు. పక్కన పెట్టాడు, అంతే. వద్దనలేదు.

వ్యాసం రాయలేదు. మొదటిసారి నా పేజీ ఖాళీగా వెళ్ళింది. పెద్దలు దాన్లో శీతాకాలపు టైర్ల ప్రకటన వేశారు.

జనవరి 6

ప్రయోగం ఇవాళ్టితో ముగియాలి. ముగిసిందని ఎవరూ చెప్పలేదు. కొనసాగుతుందనీ చెప్పలేదు. ఈ పిరికివాళ్ళ దేశంలో గెలుపు కూడా దొడ్డిదారిన, చెప్పులు చేత్తో పట్టుకుని వస్తుంది. నాకింకా కోపంగానే ఉంది.

కొత్త సంవత్సరం మొదటి లోడు. షూజో వెళ్ళాక చూస్తే గ్లవ్స్ కొక్కేనికే వేలాడుతున్నాయి. దార్లో ఉంటాడని ఫోన్ చేశాను.

"గ్లవ్స్ మర్చిపోయావు."

"మర్చిపోలేదు" అన్నాడు.